గన్‌ఫౌండ్రీలో మిలాన్ గంటలు
(నడిచి చూసే నగరం: తూర్పు శివారు పాఠకుల కోసం ధారావాహిక)

హైదరాబాదులో ఇటలీ పేట అంటూ ఒకటి లేదు. న్యూయార్క్‌లో, బోస్టన్‌లో ఉన్నట్టు వీధి పొడవునా ఇటాలియన్ల ఇళ్ళు, రొట్టెల కొట్లు, సాయంత్రం అరుగుల మీద చేరే ముసలివాళ్ళు మనకు ఎప్పుడూ లేరు. ఇక్కడికి వచ్చిన ఇటాలియన్లలో ఎక్కువమంది పెళ్ళి, పిల్లలు వద్దనుకున్న ఫాదర్లు, సిస్టర్లు. వాళ్ళ వారసుల్ని ఇంటిపేర్లలో వెతికితే దొరకరు, బడి రిజిస్టర్లలో వెతకాలి. ఆ రిజిస్టర్లలో రెడ్లు, బేగ్‌లు, జోసెఫ్‌లు, అగర్వాల్‌లు అందరూ ఉంటారు. అయినా కాలినడకన పావుగంటలో చుట్టి రాగలిగినంత మేర ఇటలీ మన నగరంలో ఉంది. అది ఆబిడ్స్ పక్కన, గన్‌ఫౌండ్రీలో ఉంది.

గత భాగంలో సముద్రపు ఒడ్డున తిరిగాం. వెనిస్ వర్తకుడు మార్కోపోలో మోటుపల్లి గురించి ఏం రాసుకున్నాడో, రుద్రమదేవిని భర్త పోయాక రాజ్యమేలిన వితంతువుగా ఎందుకు పొరబడ్డాడో చూశాం. అదే వెనిస్‌లో పుట్టిన నికొలావ్ మనూచి 1680లలో కొంతకాలం గోల్కొండలో తలదాచుకుని, అక్కణ్ణుంచి తప్పించుకుని మద్రాసు చేరాడని కూడా చెప్పుకున్నాం. వాళ్ళిద్దరూ దారిన పోయేవాళ్ళు. చూశారు, రాశారు, వెళ్ళిపోయారు. ఈ వారం మనం కలవబోయేవాళ్ళు వచ్చి ఇక్కడే పాతుకుపోయారు.

తుర్కయంజాల్‌లో బస్సెక్కితే ఇంజాపూర్, గుర్రంగూడ, బి.ఎన్.రెడ్డి నగర్, హస్తినాపురం దాటుకుంటూ సాగర్ రోడ్డు మనల్ని ఎల్బీ నగర్‌లో దింపుతుంది. అక్కడ మెట్రో. 2018 సెప్టెంబరులో ఈ లైను మొదలైన దగ్గర్నుంచి మన వైపు జనానికి ఆబిడ్స్ దూరాభారం తగ్గింది. దిల్‌సుఖ్‌నగర్ దాటగానే వచ్చే మూసారాంబాగ్ స్టేషన్‌లో దిగక్కర్లేదు గానీ, ఒక్కసారి బయటికి చూడండి. మన కథలో మొదటి పాత్ర ఆ చుట్టుపక్కల గుట్ట మీదే పడుకుని ఉన్నాడు.

ఆయన పేరు మిషెల్ రేమాన్. ఇటాలియన్ కాదు, ఫ్రాన్సువాడు. రెండో నిజాం అలీఖాన్ సైన్యంలో వేలమంది సిపాయిలకు దళపతి. ఇక్కడి ముస్లింలు ఆయన్ను మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. 1798 మార్చి 25న పోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టి, పక్కన నల్లరాతి స్తంభం నిలిపారు. ఆ ఏడాది అక్టోబరులోనే బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ ఆ ఫ్రెంచి పటాలాన్ని చుట్టుముట్టి ఆయుధాలు పెట్టించేశాడు. బతికున్న రోజుల్లో రేమాన్ నిజాం కోసం ఫిరంగులు పోతపోసే కార్ఖానా ఒకటి నడిపించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఇంగ్లీషువాళ్ళు గన్‌ఫౌండ్రీ అన్నారు. ఫిరంగులు పోయాయి, ఇటుక గోడల మొండెం ఒకటి సందులో మిగిలింది, పేరు మాత్రం పేటకు అతుక్కుపోయింది.

అంటే దిల్‌సుఖ్‌నగర్ పక్కన పడుకున్న మనిషి పని చేసిన చోటుకి మనం ఇప్పుడు వెళ్తున్నాం. గాంధీ భవన్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి కమానుల కింద ఐస్‌క్రీం తినాలనిపిస్తే తినండి, తొందరేం లేదు. అక్కణ్ణుంచి ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నేరుగా నడక. ఆబిడ్స్ అనే పేరు ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ యూదుడిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆయన బట్టలు, అలంకరణ చూసుకుంటూనే ఇక్కడ దుకాణం పెట్టాడు. కింగ్ కోఠి వైపు తిరిగితే ఇంగ్లీషువాళ్ళ సెయింట్ జార్జి చర్చి. చాపెల్ రోడ్డులో అమెరికన్ మెథడిస్టులు 1895లో మొదలుపెట్టిన స్టాన్లీ బాలికల పాఠశాల. సెల్‌ఫోన్ విడిభాగాల కోసం జనం ఎగబడే జగదీష్ మార్కెట్ ఈ పక్కనే. చిరాగ్ అలీ లేన్ పేరు వెనక ఉన్నది ఇస్లాం సంస్కరణల మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాసిన పండితుడు, నిజాం కొలువులో ఉద్యోగి. అర కిలోమీటరులో ఇన్ని దేశాలు, ఇన్ని మతాలు ఎలా ఇరుక్కున్నాయి?

జవాబు మూసీ నదిలో ఉంది. నదికి దక్షిణాన ప్రాకారాల మధ్య పాత నగరం. ఉత్తరపు ఒడ్డున, గోడల బయట, చాదర్‌ఘాట్ శివారు. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ వెలిశాక, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు, కొత్త పనులు మొదలుపెట్టాలనుకున్నవాళ్ళు అందరూ ఈ ఒడ్డుకే చేరారు. 1869లో నగరానికి మొదటిసారి మున్సిపల్ పాలన వచ్చినప్పుడు కూడా చాదర్‌ఘాట్‌ను విడిగానే ఉంచారు. మన తుర్కయంజాల్, ఇంజాపూర్‌లకు ఇవాళ ఏ స్థితో, నూట యాభై ఏళ్ళ కింద ఆబిడ్స్‌కు అదే స్థితి. ఊరు అంటుకుంటున్న శివారు, ఖాళీ జాగాలు, కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు.

అదే 1869లో ఆ ఖాళీ జాగాల్లో ఒకదాన్ని కొన్నది ఫాదర్ తల్యబూయె అనే ఇటాలియన్ మతగురువు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఇటాలియన్ అన్నాను గానీ, ఆయన సంఘం తొలి సభ్యులు హైదరాబాదుకు వచ్చిన 1855లో ఇటలీ అనే దేశమే లేదు. వాళ్ళది మిలాన్. ఆ నగరం అప్పట్లో ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. ఇటలీ ద్వీపకల్పం నిండా చిన్న చిన్న రాజ్యాలు, మధ్యలో పోప్ సొంత రాజ్యం. 1859లో యుద్ధం జరిగి మిలాన్ ఆస్ట్రియా చేయి జారింది. 1861లో ఇటలీ రాజ్యం ప్రకటించారు. రోమ్ మాత్రం 1870 సెప్టెంబరు దాకా పోప్ చేతుల్లోనే ఉంది. ఆ నెల 20న ఇటలీ సైన్యం గోడ బద్దలుకొట్టి లోపలికి వెళ్ళింది. అంటే దేశం లేని నగరం నుంచి బయల్దేరిన మనుషులు, ఇక్కడ ఇంకా భారతదేశంలో కలవని నిజాం రాజ్యానికి వచ్చి, ఒక పరాయి ఊళ్ళో ఉండగానే వాళ్ళకొక దేశం పుట్టింది. ఆ దేశం వాళ్ళ గురువైన పోప్ రాజ్యాన్నే లాక్కుంది. ఆ వార్త గన్‌ఫౌండ్రీకి చేరిన రోజున వాళ్ళు సంతోషించారా, ఏడ్చారా? రెండూ చేసి ఉంటారనే నా అనుమానం. మనవాళ్ళు వాళ్ళనూ దొరలనే పిలిచారు, వాళ్ళనూ తెల్లవాళ్ళ లెక్కలోనే వేశారు. కానీ బ్రిటిష్ దొర వెనక ఉన్న సామ్రాజ్యం లాంటిది ఈ ఫాదర్ల వెనక ఏదీ లేదు. హైదరాబాదులో వాళ్ళు నిజాం దర్బారు అనుమతి మీద, రెసిడెంటు ఓర్పు మీద, మిలాన్ నుంచి వచ్చే చందాల మీద నెట్టుకొచ్చారు.

ఆ మిలాన్ సంస్థ సంగతి కొంచెం చెప్పాలి. దూరదేశాల్లో మతప్రచారానికి గురువులను తయారుచేయడానికి ఆంజెలో రమత్సోత్తి అనే ఆయన 1850లో సరోన్నో అనే చిన్న ఊళ్ళో ఒక సెమినరీ పెట్టాడు. మరుసటి ఏడాది అది మిలాన్‌కు మారింది. 1926లో రోమ్‌లోని మరో సెమినరీతో కలిసి పీమే అనే పేరు పొందింది. కృష్ణా జిల్లాలో, వరంగల్‌లో పాతతరం క్రైస్తవ కుటుంబాలు ఇప్పటికీ పీమే ఫాదర్లు అనే అంటాయి. హైదరాబాదు మిషన్ వాళ్ళ చేతికి రాకముందు ఐరిష్ బిషప్ డేనియల్ మర్ఫీ చేతిలో ఉండేది. సికింద్రాబాద్ కంటోన్మెంటులోని ఐరిష్ సిపాయిల కోసమే అనిపించేలా 1850లో సెయింట్ మేరీస్ చర్చిని పూర్తి చేసింది ఆయనే. 1870లో తొలి మిలాన్ బిషప్‌గా జొవాన్నీ దొమెనికో బర్బేరో వచ్చాడు. అక్కణ్ణుంచి 1953 దాకా, ఎనభై ఏళ్ళకు పైగా, హైదరాబాదు కథోలిక పీఠం మీద వరుసగా ఇటాలియన్లే కూర్చున్నారు. బర్బేరో, కప్రోత్తి, విగనో, విస్మార, బెరెత్త. నిజాముల వరుస మనకు కంఠతా వచ్చు, వీళ్ళ పేర్లు ఎవరికీ రావు. రావాలని నేననడం లేదు. కానీ గన్‌ఫౌండ్రీలోని ఈ సెయింట్ జోసెఫ్ చర్చి గేటు ముందు నుంచి రోజూ వెళ్ళేవాళ్ళకైనా దాన్ని ఇంగ్లీషువాళ్ళు కట్టలేదని తెలిస్తే బాగుండునని ఉంటుంది.

1869లో జాగా కొన్నాక మొదట చేసిన పని దారి వేయడం. అప్పటికి అక్కడికి దారి లేదు. ఆ తర్వాత బడి, సిస్టర్ల కోసం కాన్వెంటు. 1870 మార్చి 18న ఫాదర్ మాల్బెర్తి చర్చికి శంకుస్థాపన చేశాడు. కట్టడం 1875 నాటికి పూర్తయింది. శంకుస్థాపన అయిన ఆరు నెలలకే రోమ్ పోప్ చేజారింది. అయినా ఇక్కడ పని ఆగలేదు.

అప్పుడు నిజాం ఎవరు? మహబూబ్ అలీఖాన్. గద్దెనెక్కేనాటికి మూడేళ్ళు నిండని పసివాడు. రాజ్యం నడిపింది దివాను మొదటి సాలార్ జంగ్. ఈ పేరు దగ్గర మన నడకకు ఒక పక్కదారి ఉంది. నదికి అవతల, దారుల్‌షిఫాలోని సాలార్ జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహాన్ని చూడని హైదరాబాదీ ఉండడు. పలుచటి ముసుగు కింద ముఖం కనిపించేలా రాతిని చెక్కినవాడు జొవాన్నీ మరియా బెన్జోని అనే ఇటాలియన్ శిల్పి. 1876లో యూరప్ వెళ్ళినప్పుడు రోమ్‌లో సాలార్ జంగ్ దాన్ని కొని తెచ్చాడు. గన్‌ఫౌండ్రీ చర్చి పూర్తయిన మరుసటి ఏడు. ఒకే దశాబ్దంలో రెండు ఇటలీలు హైదరాబాదుకు వచ్చాయన్నమాట. ఒకటి డబ్బిచ్చి కొనుక్కొచ్చి దేవిడీలో పెట్టుకున్నది. రెండోది పిలవకుండా వచ్చి శివార్లలో బడి పెట్టుకున్నది. ఆ తర్వాతి దశాబ్దంలో వికారుల్ ఉమరా ఫలక్‌నుమా ప్యాలెస్‌కు ఇటలీ పాలరాయి తెప్పించాడు. మన పర్యాటక పుస్తకాల్లో విగ్రహానికీ పాలరాయికీ పేజీలకు పేజీలు ఉన్నాయి. బడి పెట్టుకున్న ఇటలీకి రెండు లైన్లు కూడా ఉండవు.

చర్చి ఎదురుగా నిలబడితే మొదట కళ్ళు పైకి వెళ్తాయి. రెండు గంట గోపురాలు. యూరప్ చర్చి అనగానే మనకు మెదిలేది మెదక్ చర్చి లాంటి సూది మొన గోథిక్ శిఖరం. ఇది అలా ఉండదు. ముఖభాగం గుండ్రటి కమానులతో, తేలికగా, ఒక ఇటాలియన్ ఊరి నడిబొడ్డు చర్చిని తీసుకొచ్చి పెట్టినట్టు ఉంటుంది. నగరంలో చర్చిలు చాలా ఉన్నాయి గానీ, ఎదురుగా ఒక రాతి మైదానం, అందులో కాఫీ బల్లలు వేస్తే సరిపోతుందనిపించేది ఇదొక్కటే. ఎదుట ఉన్నవి మాత్రం ఆటోలు, బైకులు, స్టేట్ బ్యాంకుకు పరుగెత్తేవాళ్ళు.

గోపురాల్లో ఉన్న గంటలు అయిదు. ఇటలీలో పోతపోసి, 1892లో ఇక్కడికి తెచ్చారు. బిషప్ కప్రోత్తి కాలమది. ఈ గంటల దగ్గరే నాకు గన్‌ఫౌండ్రీ చరిత్ర మొత్తం ముడిపడినట్టు అనిపిస్తుంది. ఎందుకంటే గంట పోతపోయడం, ఫిరంగి పోతపోయడం దాదాపు ఒకే విద్య. రెండింటికీ లోహం కంచు. గంటకు వందకు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం. తగరం అంత ఉంటేనే లోహం గట్టిపడి, దెబ్బ తగిలితే చాలాసేపు మోగుతుంది. ఫిరంగికి తగరం పదో వంతు చాలు. ఎక్కువైతే పెళుసెక్కి పేల్చినప్పుడు పగిలిపోతుంది. మట్టి అచ్చు, కొలిమి, కరిగిన కంచును ఒక్క దమ్మున ఆపకుండా వొంపడం, రోజుల తరబడి చల్లారనివ్వడం అన్నీ ఒకటే. అందుకే యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా చర్చి గంటలు దించి ఫిరంగులు చేసేవారు. రేమాన్ ఇక్కడ ఫిరంగులు పోయిస్తున్న 1790లలో, ఆయన సొంత దేశం ఫ్రాన్సులో విప్లవ ప్రభుత్వం వేల గంటలను కరిగించి ఫిరంగులకు, చిల్లర నాణేలకు వాడుకుంది. వందేళ్ళకు ఆ ఫిరంగుల పేటకు గంటలొచ్చాయి. కథ అక్కడితో అయిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 తర్వాత, ఇటలీలోనే ముస్సోలినీ ప్రభుత్వం చర్చి గంటలను దించి కరిగించింది. 1943లో మిలాన్ మీద బాంబులు పడ్డాయి. పుట్టిన గడ్డ మీదే ఉండి ఉంటే ఈ అయిదింటి గతి ఏమయ్యేదో! ఇక్కడ ఉండటం వల్ల బతికిపోయాయి.

ఇక సిస్టర్ల సంగతి. ఇందులో మగవాళ్ళ పేర్లే చెప్పుకుంటూ పోతే సగం చరిత్ర కూడా కాదు. గన్‌ఫౌండ్రీ వీధుల్లో ఉదయం ఎనిమిదింటికి నిలబడండి. రెండు జడల ఆడపిల్లలు గుంపులు గుంపులుగా రోజరీ కాన్వెంటు వైపు, స్టాన్లీ వైపు, మహబూబియా వైపు వెళ్తుంటారు. రోజరీ 1904 నాటిది, మహబూబియా 1907 నాటిది. ఆడపిల్లల చదువు ఈ పేటలో ఇంత చిక్కగా అల్లుకోవడానికి వెనక ఉన్న పోగుల్లో ఒకటి ఉత్తర ఇటలీలోని తూరిన్ నుంచి వచ్చింది.

తూరిన్‌లో బరోలో మార్క్విస్ తాంక్రెది, ఆయన భార్య జూలియా అని ఒక సంపన్న జంట ఉండేవారు. పిల్లలు లేరు. ఆమె పుట్టుక ఫ్రెంచి. జైళ్ళలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి చదువు చెప్పి, జైళ్ళ తీరు మార్చాలని ప్రభుత్వంతో కొట్లాడిన మనిషి. ఈ ఇద్దరూ కలిసి పేద ఆడపిల్లల చదువు కోసం 1834లో సెయింట్ ఆన్ సిస్టర్ల సంఘం స్థాపించారు. ప్రపంచంలో వైన్ రుచి తెలిసినవాళ్ళు గొప్పగా చెప్పుకునే బరోలో ద్రాక్షసారాకు ఆ పేరు వచ్చింది కూడా ఈ కుటుంబపు పొలాల నుంచే. మన సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ బడికి, ఆ సీసాకు మూలం ఒకే ఇల్లు! సిస్టర్లకు చెప్తే నవ్వుతారో కసురుతారో తెలియదు.

1871లో, మదర్ ఎన్రికెత్త దొమినిచి పెద్దగా ఉన్నప్పుడు, ఆ సంఘం సిస్టర్లు సికింద్రాబాద్ వచ్చారు. రోమ్ ఇటలీకి రాజధాని అయిన ఏడాదే. సూయజ్ కాలువ తెరిచి రెండేళ్ళు కాలేదు. నౌకాయానం అంతకు ముందు కన్నా సులువైంది గానీ, వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874 దాకా రాలేదు. దక్కను రాళ్ళ మధ్య ఎడ్లబండి మీద, ఉన్ని దుస్తుల్లో, ఒక్క ముక్క తెలుగు, ఉర్దూ రాని ఆడవాళ్ళు. వాళ్ళు పెట్టిన సెయింట్ ఆన్స్ స్కూలు ఇప్పటికీ నడుస్తోంది. మెహదీపట్నంలో, తార్నాకలో ఆ పేరుతో ఉన్నవి దాని కొమ్మలే. మన ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు టీచర్ల గదుల్లో కూర్చుంటే సెయింట్ ఆన్స్‌లో చదివినవాళ్ళు ఒకరిద్దరైనా తగలకపోరు.

ఈ బళ్ళ విషయంలో నాకొక ఫిర్యాదు ఉంది, దాచుకోను. పేదల పిల్లల కోసం అని మొదలైన కాన్వెంటు చదువు నగరంలో చాలా తొందరగా ఉన్నోళ్ళ చదువు అయిపోయింది. నవాబుల, జాగీర్దారుల, ఉద్యోగుల పిల్లలు ముందు వరసలోకి వచ్చారు. ఇంగ్లీషు మీడియం సీటు కోసం తెల్లవారుజాము నుంచి క్యూ కట్టే అలవాటుకు ఈ పేట బళ్ళు కూడా పునాది వేశాయి. అదే మిషన్ పల్లెల్లో చేసిన పని వేరు. కృష్ణా తీరంలో, తర్వాత వరంగల్, ఖమ్మం వైపు, మాల మాదిగ పల్లెల్లో బడి, ఆస్పత్రి పెట్టిందీ ఈ మిలాన్ ఫాదర్లే. ఒకే సంస్థ నగరంలో ఒక ముఖంతో, పల్లెలో మరో ముఖంతో పని చేసింది. చరిత్ర రాసేవాళ్ళు ఇష్టమున్న ముఖం ఒక్కటే చూపిస్తుంటారు.

ఆ పల్లె ముఖానికి జనం బాగా ఎరిగిన గుర్తు విజయవాడ గుణదల కొండ. ప్రతి ఫిబ్రవరిలో మరియమాత తిరునాళ్ళకు లక్షల జనం మెట్లెక్కే కొండ. కొబ్బరికాయలు, తలనీలాలు, కొవ్వొత్తులు అన్నీ కలగలిసిపోయిన ఆ ఉత్సవం ఎవరు మొదలుపెట్టారని అడిగితే చాలామంది కొండకు చెయ్యి చూపిస్తారు. 1924లో గుణదల అనాథాశ్రమం చూసుకునే ఫాదర్ అర్లాతి అనే ఇటాలియన్ ఆ కొండ మీద మరియమాత విగ్రహం పెట్టాడు. బెజవాడ అప్పట్లో హైదరాబాదు బిషప్ పరిధిలోదే. తర్వాత విడదీసి, 1937లో ప్రత్యేక మేత్రాసనం చేశారు, తొలి బిషప్ గ్రాసి. అంటే గన్‌ఫౌండ్రీలో కూర్చున్న మిలాన్ మనిషి పెత్తనం కృష్ణా డెల్టా దాకా సాగింది. ఒక పక్క నిజాం రాజ్యం, ఒక పక్క బ్రిటిష్ మద్రాసు రాష్ట్రం. మతానికి రాజ్యాల సరిహద్దు అడ్డురాలేదు.

సరిహద్దు అడ్డొచ్చిన రోజు కూడా ఉంది. 1940 జూన్‌లో ముస్సోలినీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ఇండియాలో ఉన్న ఇటాలియన్లందరూ రాత్రికి రాత్రి శత్రుదేశస్థులు అయ్యారు. దేశమంతటా ఎందరో ఇటాలియన్ గురువులకు కదలికల మీద కట్టుబాట్లు పెట్టారు, కొందరిని డెహ్రాడూన్ లాంటి నిర్బంధ శిబిరాలకు పంపారు. ఆ తర్వాత ఆఫ్రికా ఎడారిలో పట్టుబడిన ఇటాలియన్ సైనికులు వేలకు వేలుగా బెంగళూరు, భోపాల్, కాంగ్రా లోయలోని యోల్ శిబిరాలకు వచ్చారు. ఇరవయ్యేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు తెలుగు పల్లెల్లో ఉండి, తెలుగులో ప్రసంగం చేసి, తెలుగులోనే కలలు కనే స్థితికి వచ్చిన మనిషి పాస్‌పోర్టు రంగు బట్టి శత్రువవుతాడు. యుద్ధాల్లో ఇంతకన్నా ఘోరాలు చాలా జరిగాయి, నిజమే. అయినా ఈ చిన్నది మనసులో గుచ్చుకుంటుంది.

విస్మార 1909లో బిషప్ అయ్యాడు. మూసీ వరద వెళ్ళిన మరుసటి ఏడు. 1948 దాకా అదే పదవిలో ఉన్నాడు. మహబూబ్ అలీఖాన్ చివరి రోజులు, ఉస్మాన్ అలీఖాన్ పాలన మొత్తం, రెండు ప్రపంచ యుద్ధాలు, తెలంగాణలో రైతుల తిరుగుబాటు, అన్నీ ఆ ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఇమిడిపోయాయి. 1948 సెప్టెంబరులోనే భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. తర్వాత వచ్చిన అల్ఫోన్సో బెరెత్త కొద్దికాలమే ఇక్కడ ఉండి, 1953లో కొత్తగా ఏర్పడ్డ వరంగల్ మేత్రాసనానికి తొలి బిషప్‌గా వెళ్ళాడు. 1985 దాకా అక్కడే. హైదరాబాదు పీఠం మీదికి జోసెఫ్ మార్క్ గోపు వచ్చారు, తొలి ఆర్చిబిషప్ హోదాలో. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరేళ్ళకు గన్‌ఫౌండ్రీ చర్చికి వచ్చింది.

అక్కణ్ణుంచి దారి తిరగబడింది. ఇవాళ ఇటలీలో కుర్రవాళ్ళు గురువులు కావడానికి ముందుకు రావడం లేదు. చాలా ఊళ్ళ చర్చిల్లో పూజ చేసేది మన దేశం నుంచి, ఆఫ్రికా నుంచి వెళ్ళిన ఫాదర్లు. వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ళకు అన్నం తినిపించేది మన సిస్టర్లు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లాలో పుట్టిన మనిషి, తెలుగువారిలో తొలి కార్డినల్, భారతదేశపు దళితుల్లోనూ తొలి కార్డినల్. కార్డినల్ అయిన ప్రతివాళ్ళకూ రోమ్‌లో ఒక చర్చి పేరు రాసిస్తారు, వందల ఏళ్ళ నాటి లాంఛనం. ఆయనకు ఇచ్చింది ఆరేలియా అంతికా దారిలోని చర్చి. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి సిస్టీన్ ప్రార్థనాలయంలో తలుపులు మూసుకుని కూర్చున్న 133 మందిలో ఆయన ఒకరు. మాల మాదిగ పల్లెల్లో బడి పెట్టిన మిలాన్ ఫాదర్లు దీన్ని ఊహించి ఉండరు. ఊహించి ఉంటే ఆ పల్లెల మనుషులకు పెత్తనం అప్పజెప్పడానికి అంత ఆలస్యం చేసేవాళ్ళు కాదేమో.

ఇప్పుడు నడక గురించి నాలుగు మాటలు. ఈ పేటను నడవదగ్గ పేట అని రాయడానికి చేయి కొంచెం తడబడుతుంది. దూరాలు చిన్నవే, చెట్లు ఉన్నాయి, ప్రతి మలుపులో చూడాల్సింది ఉంది. కానీ కాలిబాట అనేది ఉన్నచోట బైకు ఉంటుంది, బైకు లేనిచోట సెల్‌ఫోన్ కవర్ల బల్ల ఉంటుంది, రెండూ లేనిచోట గొయ్యి ఉంటుంది. మామూలు రోజుల్లో వెళ్ళేవాళ్ళు బడి గంట కొట్టే వేళల్లో మాత్రం వెళ్ళకండి. ఆటోలు, స్కూలు వ్యాన్లు కలిసి దారి మింగేస్తాయి. ఆదివారం ఉదయం మంచిది. దుకాణాలు మూసి ఉంటాయి, ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి, చర్చిలో తెలుగులో, ఇంగ్లీషులో, తమిళంలో పూజలు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. లోపలికి వెళ్ళేవాళ్ళు పూజ జరిగే వేళ ఫోటోలు తీయకండి. ఆకలేస్తే ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ ఉంది, ఇడ్లీ సాంబారు. ఇటాలియన్ తిండి మాత్రం ఈ పేటలో వెతకొద్దు, మిలాన్ ఫాదర్లు వంటవాళ్ళను వెంట తెచ్చుకోలేదు.

తోప్ కా సాంచా గోడలు చూడాలంటే పెద్ద రోడ్డు వదిలి లోపలి సందుల్లోకి పోవాలి. ఒక్కళ్ళే వెళ్తే దారి తప్పుతారు, అక్కడి దుకాణదారుల్ని అడిగితే చూపిస్తారు. ముందు ఆ గోడలు చూసి, తర్వాత చర్చికి రండి. ఆ వరుసలో నడిస్తే రేమాన్ తర్వాత తల్యబూయె, ఫిరంగి తర్వాత గంట, 1798 తర్వాత 1869 అన్న క్రమం కాళ్ళకే తెలుస్తుంది. తిరుగుదారిలో నిజాం కాలేజీ మీదుగా వస్తే అది 1887 నాటి మరో కథ, దానికి విడిగా ఒక భాగం కావాలి.

వచ్చే వారం మరీ ఇంత దూరం పోనక్కర్లేదు. ఎల్బీ నగర్ తర్వాత మొదటి స్టేషన్‌లోనే దిగుదాం. విక్టోరియా రాణి పేరిట సరూర్‌నగర్‌లో వెలసిన అనాథాశ్రమం ఆవరణ చూద్దాం. ఎండలో నడక, గొడుగు తెచ్చుకోండి.